రంగు పట్టని రాయి

జంపక్క కుర్చీలో కూర్చోలేదు. ఎంత చెప్పినా వినలేదు. గోడకు వీపానించి నిలబడి, కొంగు కొసను వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఒక్క మాటే చెప్పింది.

"మా తల్లి పోయింది. తల్లిని ఎత్తుకపోయిండని మా అన్నను ఠాణల కూసోబెట్టిన్రు. రేపు జైలుకు పంపుతరంట."

ఖమ్మం పాత బస్టాండు పక్క సందులో, జిరాక్స్ షాపు మీది గదిలో ఉంటుంది నాగలత ఆఫీసు. ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరి, వకీళ్ల కంటే ఎక్కువ చూసేసి, విసుగొచ్చి బయటపడి సొంతంగా విచారణలు మొదలుపెట్టిన మనిషి ఆమె. ఎక్కువ భాగం పెళ్లికొడుకు తాగుతాడా లేదా అని తేల్చే పనులే. ఆమె దగ్గర సహాయకురాలు లిఖిత. చరిత్రలో ఎమ్మే చదివి, ఉద్యోగం దొరక్క ఇక్కడ చేరింది. నాగలత ఎదుటి మనిషి చెప్పులు చూసి వాడు ఏ ఊరి బురద తొక్కి వచ్చాడో చెబుతుంటే నోరు తెరుచుకుని వినడం ఆమెకు అలవాటు.

"తల్లంటే?" నాగలత అడిగింది.

"రాయి. ఎర్రవాగు గుడి ఎనక గోడల ఉంటది. ఏడాదికోపాలి, విత్తనాలు నాటేముందు పోయి పసుపు పూసి, ఇప్పనూనె పోసి మొక్కుతం. ఈసారి గుడి ఇప్పుతున్నం, మళ్ల కడుతున్నం అన్నరు. తల్లిని ముట్టద్దని మా అన్న జంపయ్య మీటింగుల చెప్పిండు. ముడితే మా గూడేనికి తీస్కపోతం అన్నడు. గా మాటే పట్టుకున్నరు. మొన్న మేం పండుగకు పోయి, తల్లి జాగల కప్పిన టార్పాలిన్ పట్టా లేపి చూస్తే తల్లి లేదు. మేమే ఏడ్సినం. మమ్మల్నే దొంగలన్నరు."

ఎర్రవాగు అనగానే లిఖిత నిటారుగా కూర్చుంది. ఆ గుడి ఆమెకు తెలుసు. అడుగు పెట్టకుండానే తెలుసు. ఆమె గురువు డాక్టర్ మురళీకృష్ణ దాని మీదే జీవితమంతా పని చేశాడు.

చండ్రుగొండ దాటి అడవిదారి పట్టిన కారులో ఆమె ఆగకుండా చెప్పింది. "గుడి అంటే మనిషి అంటారు మా సార్. అడుగున ఉన్న పీఠం పాదాలు. గోడ నడుమూ భుజాలూ. శిఖరం తల. గర్భగుడి గుండె. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాడు తన చుట్టూ తానే తిరుగుతున్నాడు. ఆ వెనక గోడలో ఒక్క రాయికి మాత్రం శిల్పి ఉలి తగలనివ్వలేదక్కా. ఎందుకో తెలుసా? చెక్కినదంతా వ్యక్తం. చెక్కనిది అవ్యక్తం. రూపాలన్నీ పుట్టకముందు ఉన్నది అదే. సాంఖ్య దర్శనమంతా ఒక్క మొరటు రాయిలో చెప్పాడు ఆ శిల్పి. సార్ దానికి అవ్యక్తశిల అని పేరు పెట్టారు. దానికే ఈ ఆదివారం ఖమ్మంలో సార్‌కు సన్మానం."

"మరి గూడెమోళ్లు దానికి పసుపెందుకు పూస్తరు?"

"అది తర్వాత వచ్చిన ఆచారమంటారు సార్."

"ఎవర్నడిగి అంటరు?"

వెనక సీట్లో జంపక్క అద్దంలోంచి టేకుచెట్లు చూస్తూ కూర్చుంది. ఆమె ముందే ఆమె తల్లికి అర్థం చెబుతున్నానని, ఆమెను ఒక్క మాట అడగలేదని, లిఖితకు అప్పుడు తట్టలేదు.

గుడి అనడానికి అక్కడ గుడి లేదు. పీఠం వరకు కట్టి ఉంది. చుట్టూ కంచె, కంచెకు ఒకటే గేటు. లోపల వరసలు వరసలుగా రాళ్లు, ప్రతి రాయి మీదా ఎర్ర రంగుతో నంబరు. పాత గుడిని విప్పేముందు ప్రతి రాయికీ నంబరు వేస్తారు. విప్పిన రాళ్లను పేరుస్తారు. మళ్లీ కట్టేటప్పుడు నంబరు చూసి ఏ రాయి ఎక్కడిదో అక్కడే పెడతారు. మూడు ఇనుప కాళ్ల మీద రాళ్లెత్తే గొలుసు కప్పీ ఒకటి నిలబడి ఉంది.

గుడి కమిటీ పెద్ద వెంకటప్పయ్య మోటారు సైకిల్ దిగకుండానే మొదలుపెట్టాడు. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొగాకు వేశారు. యాస ఇంకా పోలేదు.

"ఎవరమ్మా మీరు? డిటెక్టివా? రాయి పోతే డిటెక్టివ్ ఏంటమ్మా, చోద్యం కాకపోతే! నలుగురిలో ఎత్తుకుపోతానన్నాడు, ఎత్తుకుపోయాడు. రేపు పైనుంచి ఆఫీసర్లొచ్చి రాయేదయ్యా అంటే నేనేం చెప్పను? అందుకే కంప్లైంటు ఇచ్చాను."

"మీకు ఆ రాయి అడ్డమే గదా? గూడెమోళ్లు ఏటేటా లోపటికొస్తరు."

"అడ్డమే. కాదని ఎవరన్నారు? కానీ నేనే తీయించదలిస్తే ఇంత నాటకం దేనికి? ట్రాక్టరుకెత్తించి వాగులో పారేయించేవాణ్ణి. ఎవడొచ్చి అడుగుతాడు?"

"నిజమే చెప్తున్నరు," అంది నాగలత. ఆ మాట మెప్పో తిట్టో అర్థంకాక వెంకటప్పయ్య మీసం సవరించుకున్నాడు.

పని చేయిస్తున్న ఇంజనీరు ఉదయ్ భాస్కర్ నల్లకళ్లద్దాలు తీయకుండా మాట్లాడాడు. "మేడం, మొన్న వాన పడ్డ వారం నేను కొత్తగూడెం సైట్‌లో ఉన్న. డిస్‌మాంట్లింగ్ లేబర్ వేరే బ్యాచ్. విప్పుడైంది, విత్తనాల టైమని ఊర్లకు పోయిన్రు. ఫిట్టింగ్ చేసేది రమణ మేస్త్రి బ్యాచ్. వాళ్లొచ్చేసరికే అన్ని రాళ్లు స్టాక్‌లో ఉన్నయి. ఇక్కడ గైడెన్స్ అంతా డాక్టర్ మురళీకృష్ణ గారిదే."

"పాత రాళ్లకు బయట గిరాకీ ఉంటదంట?"

"మొరటు బండ మేడం అది! చెక్కుడు పని లేని రాయిని ఎవడు కొంటడు? నా పక్కకు చూడకుండ్రి."

రమణ మేస్త్రి సున్నం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మాకు రాయి మొహం తెల్వదక్కా. నంబరే తెలుసు. నంబరు చెప్తరు, గా రాయి ఎత్తుతం, గాడ పెడతం. దేవుడో దయ్యమో మేమెట్ల చూస్తం?"

నాగలత గేటు దగ్గర వంగి చాలాసేపు నేల చూసింది. వానకు మెత్తబడిన రేగడి మీద పడి ఆరిన జాడలు స్పష్టంగా ఉన్నాయి. ఇసుక ట్రాక్టరు లోపలికి వచ్చినప్పుడు చక్రాలు లోతుగా దిగాయి. బయటికి పోయినప్పుడు పైపైనే. గేటు దాటిన ఏ జాడా బరువుతో పోలేదు. తర్వాత వెనక గోడ ఉన్న చోటికి వెళ్లింది. అక్కడ కొత్త ఇసుక పోసి ఉంది. ఆమె గడ్డపార అడిగి తీసుకుని ఇసుకలో గుచ్చింది. గడ్డపార దిగుతూనే ఉంది. పిడికిలి వరకు దిగింది.

"గోడల పెట్టిన రాయికి ఇంత లోతు గుంతేంది?" అంది.

మురళీకృష్ణ అప్పుడొచ్చాడు. తెల్ల లాల్చీ, భుజాన సంచీ, అదే మెత్తటి గొంతు. "లిఖితా! ఎంత కాలమైంది తల్లీ! నువ్వొచ్చావు, ఇక నాకు బెంగలేదు." ఆమె తల మీద చేయి పెట్టాడు. లిఖిత కళ్లు చెమర్చాయి. కాలేజీలో వెనక బెంచీలో మూగగా కూర్చునే సత్తుపల్లి పిల్లకు రాయిని చదవడం నేర్పింది ఈ మనిషి.

"ఈ పోయిన రాయి ఎట్లాంటిది సార్?" నాగలత అడిగింది.

"అమూల్యమైనది. భారతీయ చింతనకు శిఖరం."

"నేనడిగేది పొడుగెంత, అడుగున ఎట్లుంటది అని."

"గోడలో ఉన్నంతవరకే నేను చూశాను," అన్నాడాయన. చేయి కళ్లజోడు మీదికి పోయింది. అద్దాలు లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు.

నాగలత కప్పీ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గోటితో ఏదో ఎత్తింది. ఎండిన ఎర్ర రంగు పెచ్చు, ఉల్లిపొర లాంటిది. తిప్పి చూసింది. వెనక వైపు జిడ్డు, పసుపుపచ్చగా. అగ్గిపెట్టెలో వేసుకుంది. అక్కడి నుంచి కంచె మూలకు పోయి, గడ్డిలో పడి ఉన్న పెద్ద పలక రాయి చుట్టూ తిరిగింది. నునుపుగా చెక్కిన రాయి. నాలుగంచులూ బాగున్నాయి. పగుల్లేదు. నంబరు ఉండాల్సిన చోట మాత్రం గీకిన తెల్లటి మరక.

"ఇదెందుకు మిగిలింది మేస్త్రీ?"

"పనికిరాదన్నరక్కా. బదులు వేరే రాయికి నంబరేసి ఇచ్చిన్రు."

"ఎవరన్నరు?"

రమణ అందరి మొహాలూ చూసి తల గోక్కున్నాడు. "ఎవరో అన్నరు. నాకు యాదికి లేదు." కూలి దొరికే చోట యాదికి లేకపోవడం ఎట్లాగో ఈ దేశంలో ప్రతి కూలివాడికీ తెలుసు.

లిఖిత అప్పటికి రంగు డబ్బాల పక్కన, రెండు రాళ్ల సందులో ఒక నీలం గుడ్డ చూసింది. కళ్లజోడు కొన్నప్పుడు ఇచ్చే చిన్న మెత్తటి గుడ్డ. లాగింది. అట్టలా బిగుసుకుపోయి ఉంది. ఒక పక్క ఎర్ర రంగు, ఇంకో పక్క పసుపూ నూనే. మూలన ఖమ్మం అద్దాల షాపు పేరు. క్లాసులో ఒక గొప్ప మాట చెప్పబోయే ముందు సార్ కళ్లజోడు తీసి, ఈ గుడ్డతోనే తుడిచి, మళ్లీ పెట్టుకుని అప్పుడు చెప్పేవాడు. క్లాసంతా ఆ గుడ్డ కోసం ఎదురుచూసేది.

ఆమె చుట్టూ చూసింది. గుడ్డను హ్యాండుబ్యాగులో వేసుకుంది. జిప్పు లాగింది.

ఎందుకు చేసిందంటే, చేసింది. సార్ రంగు డబ్బా ముట్టుకుని ఉండొచ్చు, ఊరికే పడిపోయి ఉండొచ్చు, ముందు సార్‌నే అడగాలి, ఇట్లా ఒక దాని మీద ఒకటి సాకులు పేర్చుకుంది. మనం గౌరవించే మనిషి దొంగ కాకూడదని మనం చేసే పనులకు చదువు ఎన్ని సాకులైనా సరఫరా చేస్తుంది.

సాయంత్రం ఠాణాకు వెళ్లారు. జంపయ్య వరండాలో గోడకానుకుని కింద కూర్చుని ఉన్నాడు. కుడి అరచేయి ఉబ్బి, వేళ్లు ముడుచుకోవడం లేదు. ఎట్లయిందని నాగలత అడిగితే లోపలున్న ఎస్సై వైపు చూసి, "పడ్డ," అన్నాడు.

"తల్లి యాడున్నదో చెప్పమంటున్నరు. నాకెర్కయితే నేనే పోయి మొక్కనా మేడం?"

జంపక్క అన్న చేయి ఒళ్లో పెట్టుకుని ఊదుతూ కూర్చుంది. లిఖిత హ్యాండుబ్యాగు రెండు చేతులా పొట్టకు అదుముకుని నిలబడింది. ఇప్పుడు చెబితే ఈ మనిషి ఇంటికి పోతాడు. తెలుసు. జిప్పు తీయలేదు. బయటికొచ్చాక నాగలత కారు తలుపు మీద చేయి వేసి అడిగింది, "నీకేమన్న దొరికిందా?"

"లేదక్కా."

నాగలత ఆమెను ఒక్క క్షణం చూసి కారెక్కింది. తెల్లారి చండ్రుగొండ హోటల్లో ఇడ్లీ తింటూ మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. అబద్ధం రెండోసారి సులువుగా వచ్చింది.

ఎండ ముదరకముందే నాగలత అందరినీ గుడి దగ్గరికి పిలిపించింది. వెంకటప్పయ్య, ఉదయ్ భాస్కర్, మురళీకృష్ణ, రమణ, అతని మేస్త్రీలు, ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. గూడెం వాళ్లు కంచె బయటే నిలబడ్డారు. నాగలత పోయి గేటు బార్లా తీసి లోపలికి రమ్మంది. జంపక్క ముందు నడిచింది.

"త్వరగా కానీయమ్మా," అన్నాడు వెంకటప్పయ్య. "అవతల మిరపనారు మడి ఎండిపోతోంది."

"జల్దీనే చెప్త. రాయి దొంగతనం కాలే."

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. "అంటే?"

"బరువు మోసిన బండి ఏదీ ఈ గేటు దాటలే. భుజం మీద మోసుకపోయే రాయి కాదది. గుంత చూడుండ్రి. నిలువెత్తు మనిషిని నిలబెట్టి పూడ్చొచ్చు. అది గోడల పెట్టిన రాయి కాదు. భూమిల పాతిన రాయి. గంత రాయి కంచె దాటకుంటే యాడున్నట్టు? ఈడనే."

ఆమె అగ్గిపెట్టె తెరిచి రంగు పెచ్చును అరచేతిలో చూపించింది. "ఇది కప్పీ కింద దొరికింది. ముందల ఎర్రరంగు, ఎనక పసుపు, నూనె. తరతరాలుగా నూనె తాగిన రాయికి రంగు పట్టదు. పొర లెక్క ఊడొస్తది. అంటే ఎవరో తల్లి మీద నంబరేసిన్రు. ఎత్తుకపోయేటోడు రాయికి నంబరెందుకేస్తడు? నంబరు, కట్టేటోళ్ల కోసం. ఇప్పిన కూలీలు వేరు, వాళ్లు ఊర్లకు పోయిన్రు. కట్టేటోళ్లు వేరు, వాళ్లు తల్లిని ఎన్నడూ చూడలే. ఈ రెండు బ్యాచుల నడుమ, ఒక రంగు డబ్బా, ఒక కుంచె చాలు. పట్టపగలు, పదిమంది చేతులతోనే తల్లి మాయమైంది."

మేస్త్రీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఆ మూలన ఒక మంచి పలక మిగిలింది. ఇప్పి కట్టే గుడిల ఒక రాయి మిగిలిందంటే, దాని జాగల ఇంకోటి పండుకున్నదన్నట్టే. మేస్త్రీ, పలక యాడిది?"

రమణ గొంతు సవరించుకున్నాడు. "నట్టనడుమ, అడుగుది. దేవుని కిందది."

"ఆధారశిల," అంది లిఖిత, అనుకోకుండా. గుడిలో మొట్టమొదట పరిచే రాయి. దాని మీద పీఠం, పీఠం మీద దేవుడు. మొత్తం గుడిని మోసేది అదేనని సార్ క్లాసులో చెప్పేవాడు.

"కప్పీ తిప్పుండ్రి," అంది నాగలత.

గొలుసు కిర్రుమంది. పైరాయి పక్కకు జరిగింది. దాని కింద, చెక్కిన రాళ్ల నడుమ, పొడుగ్గా, మొరటుగా, నల్లగా, ఒక రాయి వెల్లకిలా పడుకుని ఉంది. తల తూర్పుకు పెట్టి ఉంది. సగానికి పైన పసుపు మరకలు. కింది సగం, భూమిలో ఉండాల్సిన సగం, అది కూడా నూనెకు నల్లబడి ఉంది. దాని నిండా బొటనవేలు పట్టేంత గుంటలు, వరసగా, అరిగి నున్నబడి.

గూడెం ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. జంపక్క ఏడవలేదు. పీఠం అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"చూడుండ్రి," అంది నాగలత. "మొక్కేటోళ్ల వేళ్లకు అరిగిన గుంటలు, నూనె, గుడి నేల కంటే కిందికి ఉన్నయి. అంటే గుడి లేనప్పుడు, నేల ఇంకా కిందికున్నప్పుడే ఈ రాయికి మొక్కిన్రు. తల్లి ముందు. గుడి తర్వాత. కట్టినోళ్లు ఆమెను కదిలించకుండ గోడల జాగ ఇడిసి కట్టిన్రు. ఇది బయటపడితే ఎవరికి నష్టం?"

"ఎవరికో నాకెందుకు," అన్నాడు ఎస్సై. "పెట్టింది ఎవరు? ఏయ్ మేస్త్రీ, నువ్వే గదా పెట్టింది? నడువ్ ఠాణకు."

"సార్, నంబరు చెప్పిన్రు, నేను పెట్టిన!" రమణ మొహం పాలిపోయింది.

"నంబర్ నేను చెప్పలేదు," అన్నాడు ఉదయ్ భాస్కర్ గబుక్కున. "నేను ఊర్ల లేను. వచ్చినంక అడుగు రాయి మారిందని చూసిన. అడిగితే పని ఆగుతదని అడగలే. అంతే."

"నంబర్ల గందరగోళంలో పొరపాటు జరిగి ఉంటుంది," అన్నాడు మురళీకృష్ణ మెత్తగా. "నిరక్షరాస్యులు. తెలియక పెట్టి ఉంటారు. దొరికింది కదా, వదిలేద్దాం."

కానిస్టేబుల్ రమణ భుజం మీద చేయి వేశాడు. ఇంత వరకు గడగడా చెప్పిన నాగలత ఇక్కడ ఆగిపోయింది.

"ఎవరో నేను చెప్పగల," అంది కాసేపటికి, నేల చూస్తూ. "అమ్మేటోడైతే బయటికి పంపేటోడు. భయం లేనోడైతే వాగుల ఏసేటోడు. ఇది గుడి తెలిసిన మనిషి పని. తల తూర్పుకు పెట్టి, నడిమధ్యల, దేవుని కింద పెట్టిండు. భయభక్తులున్నోడు. కానీ నేను చెప్తే అది ఊహ. రుజువు ఒక్కటి తక్కువైంది. అది నా దగ్గర లేదు."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. లిఖిత వైపు అసలే చూడలేదు. అందుకే లిఖితకు అర్థమైంది.

రమణ "పిల్లలుగలోణ్ణి సార్" అంటున్నాడు. లిఖిత బ్యాగు తెరిచింది. జిప్పు లాగిన చప్పుడు ఆమెకే పెద్దగా వినిపించింది. నీలం గుడ్డను తీసి, కానిస్టేబుల్‌కు కాదు, ఎస్సైకి కాదు, మురళీకృష్ణ ముందు పట్టుకుంది.

"మీదే కదా సార్?"

ఆయన చేయి అలవాటుగా కళ్లజోడు మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"లిఖితా..." అన్నాడు. తర్వాత ఆ గొంతు మెత్తదనం ఎటు పోయిందో పోయింది. "పసుపు తుడిచాను. రంగు వేస్తే నిలవలేదు. మళ్లీ వేశాను. మళ్లీ ఊడింది. నా వేళ్ల కింద ఊడింది. కూలీలు గోడ విప్పి ఆ రాయిని పెళ్లగిస్తుంటే కింది భాగం చూశాను. ఒక్క చూపులో తెలిసిపోయింది, నేను రాసిందంతా తలకిందులని. శిల్పి వదిలేసిన రాయి కాదు. శిల్పి దండం పెట్టి పక్కకు తప్పుకున్న రాయి. ఆదివారం సన్మానం... ఎట్లా నిలబడను?"

"సన్మానానికి నిలబడలేనని మనిషిని జైలుకు పంపుతరా సార్?" అంది నాగలత.

"నేను పంపలేదు. పేరు చెప్పలేదు నేను."

"అవ్. మీరేం చెప్పలే. గదే మీరు చేసిన పని."

ఆయన జంపక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, నేను అవమానం చేయలేదు. పగలగొట్టలేకపోయాను, పారేయలేకపోయాను. గుడిలో దానికంటే గొప్ప స్థానం లేదు. మొత్తం గుడిని మోసే చోటు. అక్కడ పెట్టాను."

జంపక్క అప్పుడు నోరు తెరిచింది. "మా తల్లిని తీస్కపోయి మీ దేవుని కింద ఏసి తొక్కిపెట్టిన్రు. గది గొప్పనా అయ్యా?"

మురళీకృష్ణ జోడించిన చేతులు దించాడు. వెంకటప్పయ్య కండువా తీసి మొహం తుడుచుకుని, ఎవరూ అడగకుండానే, "కంప్లైంటు వెనక్కి తీసుకుంటాను, తొందరపడ్డాను," అని గొణిగాడు. ఎస్సై ఫోనులో ఎవరికో జంపయ్యను తీసుకురమ్మని చెప్పాడు.

రాళ్ల వరసల మధ్యకు పోయి లిఖిత ఒక్కతే నిలబడింది. నాగలత వెనకొచ్చింది.

"నీకు తెలుసు కదక్కా, నిన్ననే."

"నువ్వు బ్యాగును పట్టుకున్న తీరు చూసినప్పుడే తెలిసింది."

"మరి అప్పుడే లాక్కుంటే? అరిచి ఉంటే?"

"నీ అంతట నువ్వే ఇస్తవని చూసిన. నీ గురువు, నీ బాధ, నీకో రాత్రి ఇద్దామనుకున్న." నాగలత ఠాణా దారి వైపు చూసింది. "నేనిచ్చింది నా రాత్రి కాదు, జంపయ్యది. నాకేం హక్కు? నీతో పాటు నాదీ ఉన్నది ఇందుల వాటా. నన్ను గొప్పదాన్ననుకోకు."

ట్రాక్టరులో జంపయ్య వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా నేరుగా పీఠం దగ్గరికి పోయి, రాయి తల దగ్గర కూర్చున్నాడు. మేస్త్రీలకు టీ తెచ్చిన ఆదెమ్మ ఫ్లాస్కులోంచి ఒక గ్లాసు పోసింది. లిఖిత అది అందుకుని అతని ముందు పట్టుకుంది. అతను కుడి చేయి చాచాడు. వేళ్లు మూసుకోలేదు. గ్లాసు జారబోయింది, టీ అతని మోకాలి మీద ఒలికింది. ఎడమ చేత్తో ప్రయత్నించాడు. అది కూడా వణికింది.

"ఈమె ఎవరే?" అని చెల్లెల్ని అడిగాడు. "తల్లిని ఈమేనా దొరకబట్టింది?"

జంపక్క లిఖిత వైపు చూసింది. లిఖితకు ఆ చూపులో ఒక దారి కనిపించింది. అవునంటే సరిపోయేది. ఊరుకున్నా సరిపోయేది.

"కాదు," అంది లిఖిత. "రుజువు నిన్న మధ్యాహ్నమే నా చేతికొచ్చింది. దాచిపెట్టాను. నువ్వు ఠాణాలో ఉన్నావని తెలిసి దాచాను. నిన్ను చూసి కూడా దాచాను."

జంపయ్య ఉబ్బిన చేయి తిప్పి చూసుకున్నాడు.

"ఇది రాత్రి కొట్టింది కాదులే," అన్నాడు చివరికి. "ఇది మొన్నటిది."

వీపు తిప్పలేదు. చొక్కా ఎత్తలేదు. రాత్రిది ఎక్కడుందో చెప్పలేదు. జంపక్క వచ్చి లిఖిత చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అన్న గడ్డం కింద చేయి పెట్టి, చిన్నపిల్లాడికి తాగించినట్టు, కొంచెం కొంచెంగా తాగించసాగింది.